మూడో ముక్క

మాణిక్యాంబ ఆ ఉదయం దేవుడి పటాల పక్కనుంచి అమ్మ పలకను దించి, తడిగుడ్డతో తుడిచి, కొత్త తువాలులో చుట్టింది. చుట్టే ముందు అలవాటుగా ఒకసారి కళ్లకద్దుకుంది. పలక పైభాగాన ఒక్క వరుస మాత్రం వెలుగుతూ ఉంటుంది: “మొదలు. వెంకాయమ్మ. మూడో ముక్క.” ఆ వరుస వెలుగుతున్నంతకాలం లోపల మనిషి భద్రంగా ఉన్నట్టేనని గట్టు మీద అందరికీ నమ్మకం. అందుకే ఇంటింటా దేవుడి పక్కన పలకలు వేలాడుతుంటాయి. పూలు మిగిలితే వాటికీ ఒకటి పెడతారు.

గట్టు అంటే ఇప్పటి ఉప్పాడ. పాత ఊరిని సముద్రం ఎప్పుడో తినేసింది. సిమెంటు కాళ్ల మీద వరసగా ఇళ్లు లేచాయి, వాటి కింద నీళ్లు, ఆ ఇళ్లలో మళ్లీ మగ్గాలు. యంత్రాలకు జాందానీ నేయడం చేతకాక కాదు. యంత్రం నేసిన చీర కట్టుకోవడం ఉన్నవాళ్లకు నామోషీ అయిపోయింది, ఆ నామోషీ పుణ్యాన నేతగాళ్లు బతికారు. జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, పువ్వు ఇద్దరి చేతుల్లోనూ ఒకేసారి పూయాలి. వెంకాయమ్మ పక్కన ఊహ తెలిసినప్పటినుంచి కూర్చున్నది మాణిక్యాంబే. పెళ్లయ్యాక కూడా రెండు వంతెనల అవతలున్న అత్తారింటినుంచి రోజూ వచ్చి కూర్చునేది. మొగుడు సూర్యారావు ఓడరేవులో పనికి వెళ్లగానే ఆమె మగ్గానికి వెళ్లేది. తల్లీకూతుళ్లు పనిలో పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. తప్పు పోగు పడితే వెంకాయమ్మ “ఏమే” అనేది, అంతే.

ఆ వెంకాయమ్మకు మతి తప్పడం మొదలైంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది, పెద్దకొడుకుని చచ్చిపోయిన మొగుడి పేరుతో పిలిచేది. పూర్వం ఇలాంటివి చూసి ఇంట్లోవాళ్లు ఏడ్చేవారట. ఇప్పుడెవరూ ఏడవరు. మెదడులో పేరుకున్న బూజును కడిగేసే వైద్యం వచ్చింది. ప్రభుత్వం దానికి స్మృతిశుద్ధి అని పేరు పెట్టింది, జనం కడుగుడు అంటారు. కడుగుడులో బూజుతోపాటు జ్ఞాపకాలు కూడా పోతాయి కాబట్టి ముందుగానే వాటిని తీసి మూట కడతారు, కడిగాక మూట విప్పి మళ్లీ లోపల పోస్తారు. శుక్లాలు తీయించుకున్నంత మామూలు సంగతైపోయింది.

మూట మాత్రం మామూలుది కాదు. మొదట్లో జ్ఞాపకాలను ఉన్నవి ఉన్నట్టుగా ఆసుపత్రినుంచి ఆసుపత్రికి పంపేవారు. దారిలో ఉన్న యంత్రాలన్నీ మహా తెలివైనవి. ఒకటి దుఃఖం తగ్గించేది, ఒకటి మరకలు తుడిచేది, ఇంకొకటి అక్కర్లేదనుకున్నది కోసేసేది. ఎవరూ అడక్కుండానే అంత సేవ చేసేసరికి, విప్పి చూస్తే మనిషి వేరే మనిషిగా లేచేవాడు. ఆ యంత్రాలు ముట్టుకోనిది ఒక్కటే, ఉత్త అక్షరాలు. అర్థం లేని అక్షరాల బారును బాగుచేయడం వాటికి రాదు. అందుకని జ్ఞాపకాలను అరవై నాలుగు రకాల అక్షరాల బారుగా మార్చి పలకల్లోకి ఎక్కించడం చట్టమైంది. చదివితే పిచ్చిరాతలా ఉంటుంది. విప్పే పనిముట్టుకు ఇస్తే అందులోంచి అమ్మ వస్తుంది.

ముక్కలు చేయడానికి ఇంకో కారణం ఉంది. మూటంతా ఒక్కరి చేతిలో ఉన్న రోజుల్లో కొందరు సుపుత్రులు తమ్ముడి పుట్టుకే తల్లికి గుర్తులేకుండా చేశారు. ఆ తర్వాత ఎంతమంది పిల్లలుంటే అన్ని ముక్కలు చేసి పంచారు. ఏ బిడ్డ గురించిన జ్ఞాపకాలు ఆ బిడ్డ ముక్కలోనే పెట్టారు. తల్లి మనసులో తన చోటు తానే పోగొట్టుకునేవాళ్లు లోకంలో ఉండరని ఆ పద్ధతి కనిపెట్టిన పెద్దమనిషి అన్నాడట. చాలా చదువుకున్నవాడు. అక్కచెల్లెళ్లు ఉన్నవాడు మాత్రం కాదేమో.

మూటలు విప్పే విప్పుశాల మెట్ల దగ్గరికి అన్నదమ్ములిద్దరూ ముందే వచ్చి ఉన్నారు. పెద్దవాడు నూకరాజు తల్లీ చెల్లీ నేసిన చీరల వ్యాపారి, తన పలకను తాళం ఉన్న పెట్టెలో తెచ్చాడు. రెండోవాడు గోవిందు సముద్రపు గోడకు మరమ్మతులు చేసే మనిషి. ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్ల మాటే నిజమనుకునే మంచివాడు, పలకను చొక్కా లోపల పెట్టుకొచ్చాడు. చెల్లెల్ని చూసి ఇద్దరూ నవ్వారు. సాయంత్రానికి అమ్మ మళ్లీ అమ్మవుతుంది, వదిన పులస కూర చేస్తోంది, నువ్వూ భోజనానికి వచ్చేయాలి అని నూకరాజు చెప్పాడు. మాణిక్యాంబకు కూడా పండగలాగే ఉంది.

లోపల అద్దం గదిలో వెంకాయమ్మ కూర్చుని ఉంది. తలకు తెల్లగుడ్డ చుట్టారు. కడుగుడు ముందురోజే అయింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ వాటి వెనక ఎవరూ లేరు. ఒళ్లో పెట్టుకున్న చేతుల్ని చూసుకుంటోంది. అవి ఉండుండి పైకి లేస్తున్నాయి, పోగుల మధ్యనుంచి చిన్న నూలు కండెను దాటించినట్టు వేళ్లు అటూ ఇటూ కదిలి మళ్లీ ఒళ్లో పడుతున్నాయి. మెదడు కడిగినా చేతులు కడగబడలేదు. ఆ చేతులు ఎందుకు కదులుతున్నాయో ఆ మనిషికి తెలియదు.

విప్పుశాల అధికారి హసీనా బేగం నెమ్మదిగా మాట్లాడే మనిషి. కడిగిన మెదడు పచ్చిగోడలాంటిదని, ఆరిపోకముందే మూట విప్పాలని, సాయంత్రం దాటితే ఇక ఏదీ అంటదని అందరికీ చెప్పేదే వాళ్లకూ చెప్పింది. తర్వాత నల్లతెర ముందుకు తీసుకెళ్లింది.

లోకమంతా యంత్రాలతో నోటితోనే పని చేయించుకుంటున్న కాలమది. తలుపు తీయమన్నా, అన్నం వార్చమన్నా ఒక మాట చాలు. కానీ గొంతు దొంగిలించడం తేలికైపోయాక విప్పుశాలలో నోటికి విలువ లేకుండా పోయింది. అక్కడ బొమ్మలుండవు, తియ్యటి గొంతులుండవు. నల్లటి తెర, దాని మీద ఆగి ఆగి వెలిగే ఒక గీత, కింద అక్షరాల మీటలు. వారసులు ఒక్కొక్కరే కూర్చుని తమ వేళ్లతో ఆజ్ఞ కొట్టాలి. నూకరాజుకు తన పేరులో మొదటి అక్షరం ఎక్కడుందో వెతుక్కునేసరికి చెమట పట్టింది. గోవిందు రెండుసార్లు తప్పు కొట్టి చెల్లెలి వైపు చూశాడు, ఆమె వేలుపెట్టి చూపించింది. చీరల నమూనాలు లెక్కకట్టేటప్పుడు మీటలు వాడేది ఆమె ఒక్కతే.

ఆఖరికి మూడు పలకలూ వరసలో పెట్టి, మాణిక్యాంబ కొట్టింది.

“కలుపు. విప్పు వెంకాయమ్మ.”

గీత కాసేపు వెలిగి ఆరింది. తెర మీద మూడు వరుసలు వచ్చాయి.

“ఒకటో ముక్క: సరిపోయింది.

రెండో ముక్క: సరిపోయింది.

మూడో ముక్క: మొదలు ఉంది. ముగింపు ఉంది. మధ్యలో ఏమీ లేదు.”

పలక సరిగా పెట్టలేదేమోనని మాణిక్యాంబ తీసి, తువాలుతో తుడిచి, మళ్లీ పెట్టింది. మళ్లీ అదే వచ్చింది. హసీనా బేగం తన బల్ల దగ్గరికి వెళ్లి చాలాసేపు ఏదో వెతికింది. తిరిగి వచ్చి, దొరికింది చెప్పింది.

జరిగింది ఇది. మూట కట్టాక కడుగుడు వంతు రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలోనే, అమ్మకు ఇంకా కాస్త మతి ఉండగానే ఆస్తి తేల్చేసుకోవడం మంచిదని నూకరాజు అన్నాడు. ఉన్నదేమిటంటే మగ్గాల సాల, దాని కింద గట్టు మీద కాస్త చోటు. ఆడపిల్ల తనకేమీ వద్దని వేలిముద్ర వేయడం ఇలాంటప్పుడు ఆనవాయితీ. సముద్రం ఊళ్లను తినేసింది గానీ ఆ ఆనవాయితీని తినలేదు. మాణిక్యాంబ కాస్త తటపటాయించింది. ఆ సాలలో సగం జీవితం గడిచింది కదా అనుకుంది. అప్పుడు చెప్పింది వెంకాయమ్మే. పెట్టెయ్యవే, అన్నదమ్ములతో పేచీ పెట్టుకుని ఏం బావుకుంటావు, రేపు పుట్టింటికి వస్తే చెంబుడు నీళ్లిచ్చేది వాళ్లే కదా అంది. రిజిస్ట్రారు ఆఫీసులో యంత్రం గడగడా చదివింది: తల్లి తాలూకు సమస్తం మీద నాకెలాంటి హక్కూ లేదు. మాణిక్యాంబ వేలు పెట్టింది. ఇంటికొచ్చాక వెంకాయమ్మ పసుపు, కుంకుమ, చీర పెట్టి నెత్తిన చెయ్యి వేసింది. కూతురు మహా తృప్తిగా వెళ్లిపోయింది.

సమస్తం అంటే యంత్రానికి సమస్తమే. తల్లి జ్ఞాపకాల ముక్క కూడా తల్లి తాలూకు చరాస్తి కిందికే వచ్చింది. మూడో ముక్క మీద హక్కు అన్నదమ్ములకు మారిందని, వచ్చి తమ పేర రాయించుకోమని వాళ్లకు నోటీసు వెళ్లింది. గడువులోగా ఎవరూ రాలేదు. ఎవరి హక్కులోనూ లేని మనిషి జ్ఞాపకాలు దారిన పడి ఉండకూడదని ఇంకో చట్టం ఉంది, చాలా మంచి చట్టం. ఆ చట్టం ప్రకారం పలకలోని అక్షరాలన్నిటినీ యంత్రం దానంతటదే చెరిపేసింది. చట్టంలో పైవరుస గురించి ఏమీ రాయలేదు కాబట్టి దాన్ని ఉంచేసింది. మాణిక్యాంబ ఇన్నాళ్లూ పువ్వు పెట్టింది ఆ వరుసకే.

నూకరాజు నేల చూపులు చూశాడు. “నోటీసు వచ్చింది చెల్లీ. ఇంట్లో యంత్రం చదువుతుంటే పన్ను కాగితం అనుకున్నాను. ఫోన్లో బేరంలో ఉన్నాను. సరే సరే అన్నాను. అది నోరు మూసుకుంది.”

గోవిందు తనకూ వచ్చిందని, పెద్దన్నయ్య చూసుకుంటాడులే అనుకున్నానని చెప్పి ఏడవడం మొదలుపెట్టాడు.

ఇంకెక్కడైనా నకలు ఉందా అని మాణిక్యాంబ అడిగింది. నకలు ఉంచకూడదనేదే మొదటి నియమమని హసీనా బేగం చెప్పింది. మిగతా రెండు ముక్కలతో విప్పవచ్చని, దానికి వేరే ఆజ్ఞ ఉందని, ఖాళీ ఉన్నచోట మెదడు తనకు తోచినదేదో అల్లుకుని సర్దుకుంటుందని, తర్వాత ఎంత చెప్పినా అక్కడ ఇంకోటి అంటుకోదని కూడా చెప్పింది. ఆ ఆజ్ఞ మాత్రం లేని ముక్క ఎవరిదో వాళ్లే, అంటే మాణిక్యాంబే కొట్టాలి. ముక్క మీద ఆమెకు హక్కు లేదు గానీ, మూట కట్టిన రోజు రాసిన వారసుల్లో ఆమె పేరు అలాగే ఉంది.

మాణిక్యాంబ నల్లతెర వైపు చూస్తూ అంది. “సాల వద్దని బొటనవేలు వేయించుకున్న రోజున ఒక్కరైనా నన్ను కూర్చోబెట్టి ఇంత విడమరచి చెప్పలేదు మేడం గారూ. ఇప్పుడేమో అక్షరం అక్షరం నా చేతే కొట్టిస్తున్నారు.”

హసీనా బేగం ఆమె కూర్చోవడానికి కుర్చీ ముందుకు జరిపింది. 

అప్పుడు మాణిక్యాంబకు ఒక ఆలోచన వచ్చింది, దాన్ని దాచుకోవడం అనవసరం. ఆమె వేళ్లు కదలకపోతే చాలు. సాయంత్రం దాటిపోతుంది, గోడ ఆరిపోతుంది. అమ్మ మనసులో నూకరాజు ఉండడు, గోవిందు ఉండడు, ముగ్గురూ సమానమైపోతారు. పంపకమంటే ఇది కదా. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, ఆమె చేతులు కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. నూకరాజుకు అర్థమైంది. “నీ ఇష్టం చెల్లీ” అన్నాడు. ఆ మాటలో పెద్దరికం లేదు, భయం ఉంది. తమకిష్టమైనదంతా అయిపోయాక ఆడపిల్లకు దక్కే ఇష్టం అదే. మాణిక్యాంబకు వాడి మీద అసహ్యం వేసింది. వాడు తనను ఎత్తుకుని తిప్పిన అన్నయ్యేనని గుర్తొచ్చి ఇంకా అసహ్యం వేసింది.

అద్దం అవతల వెంకాయమ్మ చేతులు మళ్లీ లేచాయి. ఈసారి కుడిచెయ్యి కండె దాటించి, పక్కవాళ్లు అందుకోవడానికి గాలిలో ఆగింది. అందుకునేవాళ్లు ఎవరూ లేక అలాగే ఉండిపోయింది. వెంకాయమ్మ ఆ చేతిని చూసి బెదిరిపోయింది. ఎవరిదో చెయ్యి తన ఒంటికి అతికించినట్టుగా దాన్ని దూరంగా పట్టుకుని చూస్తోంది.

మాణిక్యాంబ ఆ చేతిని ఎంతసేపో చూసింది. తర్వాత ముందుకు వంగి కొట్టింది.

“లేకపోయినా విప్పు వెంకాయమ్మ.”

మీటల మీద వేళ్లు ఒక్కసారి కూడా తడబడలేదు. తెర ఇంకేమీ అడగలేదు. “విప్పబడింది” అని మాత్రం వచ్చింది.

పొద్దు వాలేసరికి వెంకాయమ్మ మంచం దిగింది. నూకరాజును చూసి చిక్కిపోయావేరా అంది. గోవిందు బొత్తాలు తప్పుగా పెట్టుకున్నాడని కసిరి తనే విప్పి పెట్టింది. ఆవిడ గొంతు, ఆవిడ కసురు, అంతా ఆవిడే. గుమ్మం దగ్గర నిలబడ్డ మాణిక్యాంబ వైపు తిరిగి, బాగా చూసుకున్నారమ్మా, మీ ఆసుపత్రి వాళ్లు మంచివాళ్లు అంది. గోవిందు ఏదో చెప్పబోతే హసీనా బేగం వారించింది. మొదటి రోజున చెప్పకూడదంది. మాణిక్యాంబ ఆ రోజు పులస కూరకు వెళ్లలేదు.

తర్వాత చెప్పారు. నూకరాజు చెప్పాడు, వదిన చెప్పింది, పాత ఫొటోలు చూపించారు. వెంకాయమ్మ బుద్ధిగా విని తలూపింది, ఒక విషయం తెలుసుకున్నట్టు తెలుసుకుంది. మాణిక్యాంబ కొన్నాళ్లు ఆగి, ఆగలేక, అన్నగారింటికి వెళ్లింది. మంచి చీరే కట్టుకుంది. అమ్మ ముందు మాసిన చీరతో కూర్చున్న రోజులు పోయాయని ఆమెకు తెలుసు.

వెంకాయమ్మ ఎదురొచ్చి కుర్చీ వేసింది. “రండమ్మా, కూర్చోండి. మా అబ్బాయిలు చెప్పారు. మీరు నా కూతురంట కదా.”

“అవునండి” అంది మాణిక్యాంబ. అండి అనేది తన నోట్లోంచే వచ్చిందని విన్నాక తెలిసింది.

మొగుడేం చేస్తాడని, అత్తగారు బాగా చూస్తుందా అని వెంకాయమ్మ అడిగింది. చూట్టానికి వచ్చిన ఆడవాళ్లను ఏం అడగాలో అవే అడిగింది. కాఫీ తెచ్చింది. మాటలు అయిపోయాయి. కూతురు వెళ్తానంటూ లేచింది. వెంకాయమ్మ ఉండమని లోపలికి వెళ్లి, పళ్లెంలో పసుపు, కుంకుమ, మడిచిన జాకెట్టు గుడ్డ పెట్టుకుని వచ్చింది. ఇంటికొచ్చిన ముత్తైదువను ఉత్త చేతులతో పంపే మనిషి కాదు ఆవిడ, ఆ మర్యాద చెక్కుచెదరలేదు. బొట్టు పెట్టి, పళ్లెం అందిస్తూ గుడ్డను విప్పి చూపించింది. గంధం రంగు మీద చిన్న చిన్న మామిడి పిందెలు. మూట కట్టడానికి ముందు తల్లీకూతుళ్లు ఆఖరుగా నేసిన చీరలో మిగిలిన ముక్క అది. ఎడమ సగంలో పిందెల తొడిమలు కాస్త పొడుగు. అవి ఎప్పుడూ పొడుగే వస్తాయని, ఎన్నిసార్లు చెప్పినా నీ చెయ్యి మారదేమే అని వెంకాయమ్మ తిట్టని రోజు లేదు.

“ఇది నా చేతి నేతేనండి” అని వెంకాయమ్మ గర్వంగా చెప్పింది. “జాందానీకి ఇద్దరు కూర్చోవాలంటారు. నాకు ఎప్పుడూ పక్కన మనిషి అక్కర్లేకపోయింది. మొదటినుంచీ ఒక్కదాన్నే నేశాను.”

మాణిక్యాంబ పొడుగు తొడిమల మీద వేలు పెట్టి చూసింది. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. బుద్ధిగా విని తలూపుతుంది.

“చాలా బాగా నేశారండి” అని, కొంగు పట్టి ఆ గుడ్డ తీసుకుంది.